కొలను పక్కన అరగంట

ఆ ఇంట్లో పొద్దున్న అందరికంటే ముందు లేచేది హీరోగారి గొంతు. మనిషి ఇంకా బాత్రూములో ఉండగానే "ఆ... ఓ... ఊ..." అంటూ గొంతు సవరించుకోవడం మొదలవుతుంది. పక్కవాటా వాళ్ళు కొత్తలో ఎవరికో కడుపునొప్పి కాబోలనుకుని తలుపు తట్టారు కూడా. ఇప్పుడు అలవాటైపోయింది. ఆ కేక వినగానే లేచి టీకి నీళ్ళు పెట్టుకుంటున్నారు.

హీరోగారికి అరవై నాలుగేళ్ళు. బజారు వీధిలో కళ్ళజోళ్ళ దుకాణం. పేటలో సగంమంది ముక్కుల మీద ఉన్నవి ఆయన అమ్మిన జోళ్ళే. ఆయన ప్రాణం మాత్రం నాటకం. ప్రతి వేసవిలోనూ ఊరి మధ్యనున్న పెద్ద పార్కులో నెల్లాళ్ళు వేసవి వేడుకలు జరుగుతాయి. ఎండ కాస్త తగ్గేసరికి ఒక మూల పాటలు, ఒక మూల బొమ్మలు గీయడం, చెట్ల కింద చదరంగం, మధ్యలో ఐస్‌క్రీము బళ్ళు. ఆఖరి రోజున పెద్ద వేదిక మీద పేట నాటక సమాజం వారి నాటకం. అందులో ముప్పయ్యేళ్ళుగా హీరో ఆయనే. పాత్ర పాతికేళ్ళ కుర్రవాడైనా, తొంభయ్యేళ్ళ ముసలివాడైనా సరే, ఆయనే. స్టేజీ మీద మాత్రం ఛస్తే కళ్ళజోడు పెట్టుకోరు. హీరో అన్నాక కళ్ళు కనిపించాలి అంటారు.

ఆయన భార్యను సమాజంలో అందరూ గుసగుసక్కయ్య అంటారు. ఆవిడ ప్రాంప్టరు. తెర వెనక స్టూలు వేసుకుని, ఒళ్ళో నాటకం పుస్తకం పెట్టుకుని, నటుడికి మాట గుర్తురాకపోతే చిన్న గొంతుతో అందిస్తుంది. ఆ గొంతు ఎంత కొలత ప్రకారం ఉంటుందంటే, హీరో చెవిలో పడుతుంది గానీ మొదటి వరుసలో కూర్చున్నవాడికి వినపడదు. మొదట్లో ఒకసారి ఆవిడకి జ్వరమొస్తే డైరెక్టరుగారి బావమరిది ఆ పనికి కూర్చున్నాడు. అతని గుసగుస ఐస్‌క్రీము బండివాడికి కూడా వినిపించింది.

దీనివల్ల వచ్చిన చిక్కేమిటంటే, హీరోగారు మాటలు నేర్చుకోవడం ఎప్పుడో మానేశారు. ఒకటీ రెండూ మరిచిపోవడం కాదు, అసలు పుస్తకమే తెరవరు. ఆవిడ అంటుంది, ఈయన అంటారు. ఈ సంగతి మొగుడూ పెళ్ళాలకి తప్ప మూడోవాళ్ళకి తెలియదు. పదకొండేళ్ళ కిందట ఒక పత్రికవాళ్ళు ఆయన గురించి 'మౌనాన్ని కూడా పలికించగల నటుడు' అని రాశారు. ఆయన దాన్ని పటం కట్టించి దుకాణంలో, అక్షరాలు చదివించే బోర్డు పక్కనే తగిలించారు. కళ్ళు పరీక్ష చేయించుకోవడానికి వచ్చినవాళ్ళు ముందు అది చదవాలి.

ఆ ఆదివారం పొద్దున్న అందరూ బల్ల చుట్టూ కూర్చుని రొట్టె, టీ తీసుకుంటుండగా కోడలు సంచీలోంచి రంగుల కాగితం తీసింది. కోడలు గ్రంథాలయంలో పిల్లల విభాగం చూస్తుంది. వేసవి వేడుకల్లో పిల్లల కార్యక్రమాలన్నీ ఆమె చేతిమీదుగానే నడుస్తాయి.

"అత్తయ్యా, అచ్చయి వచ్చేసింది చూడండి! ఆఖరి రోజు, కొలను పక్కన పచ్చిక, అయిదున్నర నుంచి ఆరు. కథ చెప్పేది మీరు!"

ఆవిడ చెయ్యి పమిటకి తుడుచుకుని, కాగితాన్ని అంచులు పట్టుకుని చూసింది. ఈ వేసవి మొదట్లో ఒక శనివారం కథలు చెప్పే టీచరు రాకపోతే, కోడలు బతిమాలి అత్తగారిని గ్రంథాలయానికి తీసుకెళ్ళింది. ఆవిడకి గట్టిగా మాట్లాడటం అలవాటు లేదు. గుసగుసగానే మొదలుపెట్టింది. ఆ గుసగుస వినడానికి పిల్లలు కిక్కురుమనకుండా ముందుకు జరిగారు, జరిగి జరిగి ఆవిడ మోకాళ్ళ దాకా వచ్చేశారు. మొదటివారం పన్నెండుమంది. మూడోవారానికి చాపలు చాలలేదు.

"అయిదున్నరా?" హీరోగారు టీ కప్పు దించారు. "మన నాటకం కూడా అయిదున్నరకే కదా?"

"మొదట ఎనిమిదికి అన్నారు మామయ్యా. పెద్ద వేదికకి ఈసారి లైట్లు బిగించలేదట. వెలుతురుండగానే అయిపోవాలని నిన్ననే మార్చారు. నేను ఎంత చెప్పినా..."

"సరేలే, దానికేముంది. కథ ఇంకెవరైనా చెబుతారు." ఆయన రొట్టె తుంచుకున్నారు. "ఏమోయ్, నీకు చెప్పనే లేదు. ఈసారి తెర లేదు, చుట్టూ బయలే. నిన్నెక్కడ కూర్చోబెట్టాలా అని తెగ ఆలోచించాను. వడ్రంగితో మాట్లాడేశాను. సింహాసనం పక్కన పలకకి పిడికిలి పట్టేంత కన్నం పెడుతున్నాడు. నువ్వు వేదిక కింద చాప వేసుకుని కూర్చుంటే సరి. టార్చిలైటు, మంచినీళ్ళు, విసనకర్ర, అన్నీ ఏర్పాటు చేశాను."

"అమ్మని స్టేజీ కింద పెడతావా నాన్నా?" అన్నాడు కొడుకు. అతను సిటీ బస్సు డ్రైవరు. "అక్కడ నిలబడే ఎత్తు కూడా ఉండదు."

"కూర్చుంటుందిరా. నిలబడమన్నానా?"

"నేను రాను," అంది ఆవిడ.

అలవాటు కొద్దీ గుసగుసగానే అంది. హీరోగారికి ఆ గొంతు ఎంత దూరం నుంచైనా వినపడుతుంది. అయినా "ఏమన్నావు?" అని అడిగారు.

"రాను అన్నాను. నేను కథ చెబుతాను."

ఈసారి పక్కవాటాకి కూడా వినిపించి ఉంటుంది. ఎనిమిదేళ్ళ మనవరాలు, ఇంట్లో అందరూ పిడుగు అంటారు, రొట్టె నోట్లో పెట్టుకోవడం ఆపి నానమ్మ వైపు చూసింది.

"నీకేమైనా మతిపోయిందా?" హీరోగారి గొంతు లేచింది. "ఎదురుగా అయిదారువందల మంది కూర్చుంటారు. ముప్పయ్యేళ్ళ పేరు ఒక్క పూటలో మంటగలుపుతావా? పదిమంది పిల్లకాయలకి కథ చెప్పడం కూడా ఒక కార్యక్రమమేనా? నన్ను చూడటానికి ఊరి ఆ చివర నుంచి వస్తారు. నా మౌనం చూడటానికి వస్తారు, తెలుసా? పత్రికలో..."

"ఆ మౌనం మీది కాదండీ. అప్పుడు నేను పేజీ తిప్పుతుంటాను."

కొడుకు ముందు నవ్వబోయి, టీ పొలమారి దగ్గుతూ అవతలికి వెళ్ళిపోయాడు. హీరోగారి మొహం పాలిపోయింది. ఇంకేదో అనబోయారు. తర్వాత మాట రాలేదు. రాకపోతే అందించే మనిషే ఎదురుగా కూర్చుని ఉంది. లేచి, చెప్పులేసుకుని, ఆదివారమని కూడా చూడకుండా దుకాణానికి వెళ్ళిపోయారు.

"నావల్లే అత్తయ్యా," అంది కోడలు కళ్ళనీళ్ళతో. "పోనీ, మీ పేరు తీయించేయనా?"

"వద్దమ్మా." ఆవిడ కప్పులు పోగుచేసింది. "అంత మాట అనకుండా ఉండాల్సింది. పాపం, ఆ పటం చూసుకుని ఎంత మురిసిపోతారో నాకు తెలుసు. కానీ మొన్న కథ అయ్యాక ఒక బుడ్డది నా కొంగు పట్టుకుని 'ఇంకోటి చెప్పవా' అంది. ఇన్నేళ్ళలో నన్నెవరూ అలా అడగలేదే. ఆ అరగంట నాకు కావాలి. అంతే."

ఆ తర్వాత మూడు రోజులు ఇల్లు ఎంత మర్యాదగా నడిచిందో చెప్పలేం. హీరోగారు మంచినీళ్ళు కావాలంటే "మీ నానమ్మని అడుగు" అని పిడుగుతో చెప్పేవారు. నానమ్మ నీళ్ళు పోసి "మీ తాతయ్యకి ఇయ్యి" అనేది. ఇద్దరి మధ్యా నాలుగడుగుల దూరం. రెండు రోజులు ఓపిక పట్టిన పిడుగు మూడోరోజు "నాకు సెలవుల హోంవర్కు ఉంది, మీరే మాట్లాడుకోండి" అని చేతులు దులుపుకుంది. దాంతో ఆయన లేచి నీళ్ళు తనే తెచ్చుకున్నారు. గ్లాసులు ఎక్కడుంటాయో తెలియక అలమరాలన్నీ తెరిచారు. వంటింట్లోంచి చూస్తున్న ఆవిడకి నవ్వొచ్చింది, జాలీ వేసింది.

గురువారం మధ్యాహ్నం ఆవిడే భోజనం క్యారియరు పట్టుకుని దుకాణానికి వెళ్ళింది. మెట్ల మీద ఒక ముసలావిడ ఎదురొచ్చింది.

"మీ ఆయనకి ఒంట్లో బాగానే ఉందా అమ్మా? నా కళ్ళు చూస్తూ చూస్తూ నన్ను 'ద్రోహీ!' అన్నాడు. నేనేం చేశాను?"

"నాటకమండీ, మిమ్మల్ని కాదు," అని సర్దిచెప్పి లోపలికి వెళ్ళింది.

బోర్డు పక్కన పటం లేదు. మేకు ఒక్కటే ఉంది. హీరోగారు కళ్ళజోడు పెట్టుకుని, నాటకం పుస్తకాన్ని లెన్సుల పెట్టెకి ఆనించి, పెదవులు కదుపుతూ కూర్చున్నారు. ఆవిడని చూసి గబుక్కున జోడు తీసేశారు.

"ఏమండీ, నేను మానేస్తాను. కోడలికి సాయంత్రం చెబుతాను," అంది ఆవిడ క్యారియరు బల్ల మీద పెట్టి.

"అక్కర్లేదు. వచ్చేసింది. రెండంకాలు నోటికి వచ్చేశాయి. కావాలంటే విను." ఆయన లేచి నిలబడ్డారు. "మంత్రీ! ఈ కోటలో ఇటుక ఇటుకకీ నా పేరు తెలుసు. ఈ తోటలో చెట్టు చెట్టుకీ నా అడుగు తెలుసు. కానీ ఈరోజు నా నీడ సైతం నన్ను... నా నీడ సైతం..."

దుకాణంలో ఫ్యాను తిరుగుతోంది. ఆయన కళ్ళు అలవాటుగా ఎడమవైపుకి తిరిగాయి. ఆవిడ పెదవులు వాటంతట అవే కదిలాయి. గుర్తొచ్చి చప్పున చేత్తో నోరు మూసుకుంది.

ఆయన అది చూశారు. చాలాసేపు చూశారు.

"చెప్పకు," అన్నారు చివరికి. కోపంగా కాదు. "చెబితే మళ్ళీ వచ్చి నీ మీదే పడతాను. నువ్వు వెళ్ళి నీ కథ చూసుకో. నాకింకా మూడు రోజులుంది."

మూడు నెలలున్నా రాదని ఆవిడకి తెలుసు. ఆ తెలిసిన సంగతిని మోసుకుంటూ ఇంటికి నడిచింది. దారిలో రెండుసార్లు వెనక్కి తిరిగి వెళ్ళిపోదామనుకుంది. వెళ్ళకపోవడానికి ఒకటే కారణం. వద్దని ఆయన నోటితో ఆయనే, ఎవరూ అందించకుండా అన్నారు.

ఆఖరి రోజు సాయంత్రం పార్కు కిటకిటలాడింది. దారుల పొడుగునా రంగు కాగితాల తోరణాలు. బొమ్మలు గీసే మూల నుంచి పిల్లలు చేతులకీ మొహాలకీ రంగులతో తిరుగుతున్నారు. కొలను పక్కన పచ్చికలో కోడలు పరిపించిన చాపలన్నీ నిండిపోయి, వెనక అమ్మలూ నాన్నలూ నిలబడ్డారు. మైకు ఇవ్వబోతే ఆవిడ వద్దంది. ఎత్తుపీట మీద కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని మొదలుపెట్టింది.

"అనగనగా ఒక మబ్బు. దానికి ఒంటినిండా వానే. కానీ ఏ ఊళ్ళో కురవమని పంపారో ఆ ఊరి పేరు మరిచిపోయింది..."

పిల్లలు ముందుకు జరిగారు. మబ్బు మొదటి ఊరికి వెళ్ళి "నేను కురవాల్సింది ఇక్కడేనా అండీ?" అని అడిగింది. మేడ మీద బట్టలు ఆరేస్తున్న ఒకావిడ "ఇవాళ కాదు నాయనా, ఇప్పుడే దుప్పట్లు ఆరేశాను, రేపు రా" అంది. పిల్లలు పకపకా నవ్వారు. వెనక నిలబడ్డ అమ్మలు ఇంకా ఎక్కువ నవ్వారు. ఆవిడకి భయం పోయింది.

సరిగ్గా అప్పుడే చెట్ల అవతల పెద్ద వేదిక దగ్గర నుంచి గొల్లున నవ్వు వినిపించింది. వందలమంది నవ్వు.

ఆవిడ కథ ఆపి అటు చూసింది. అక్కడ ఆడుతున్నది రాజ్యం పోగొట్టుకున్న రాజు కథ. అందులో ఎక్కడా నవ్వు లేదు. పుస్తకం మొత్తం ఆవిడకి కంఠతా వచ్చు, ఒక్కచోట కూడా లేదు. ఆయన మాట మరిచిపోయారు. అందరూ ఆయన్ని చూసి నవ్వుతున్నారు. ఇప్పుడు లేచి పరిగెత్తితే రెండు నిమిషాలు. వేదిక పక్కకి చేరితే చాలు, ఆయన చెవికి ఆవిడ గొంతు అందుతుంది.

నలభైమంది పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. ముందు కూర్చున్న బుడ్డది ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసి, తనూ గుసగుసగానే, "మబ్బు ఎక్కడికెళ్ళింది?" అని అడిగింది.

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "పక్క ఊరికెళ్ళిందమ్మా," అంది.

కథ ఎక్కడా కుదించలేదు. మబ్బుని ఏడు ఊళ్ళూ తిప్పింది. ఏడో ఊళ్ళో ఎండిన తొట్టి పక్కన ఎదురుచూస్తున్న గాడిద దగ్గర కురిపించింది. పిల్లలు చప్పట్లు కొడుతుంటే లేచి దండం పెట్టింది. అందరూ ఇంకోటి, ఇంకోటి అంటుంటే కోడలికి అప్పగించి, పిడుగు చెయ్యి పట్టుకుని, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, చెట్ల మధ్య నుంచి పరుగెత్తింది.

పెద్ద వేదిక దగ్గర నిశ్శబ్దంగా ఉంది. కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. వేదిక మీద రాజుగారు సింహాసనం ముందు నిలబడి ఉన్నారు. తలమీద కిరీటం, కిరీటం కింద కళ్ళజోడు. చేతిలో పుస్తకం. చూసి చదువుతున్నారు.

కొడుకు తల్లిని చూసి లేచి తన కుర్చీ ఇచ్చాడు. "నవ్వు వినపడిందా అమ్మా? జోడు పెట్టుకుని రాగానే అందరూ ఒకటే నవ్వు. నాన్న కదల్లేదు. మైకు పట్టుకుని ఏమన్నాడో తెలుసా? 'ముప్పయ్యేళ్ళుగా నేను చెప్పిన మాటలన్నీ మా ఆవిడ వెనక నుంచి అందించినవే. నాకు సొంతంగా ఒక్కటి కూడా రాదు. ఇవాళ ఆవిడ కొలను దగ్గర తన మాటలు చెప్పుకుంటోంది. అందుకని నేను చూసి చదువుతాను, క్షమించండి' అన్నాడు. తర్వాత ఒక్కడు నవ్వితే ఒట్టు."

ఆవిడ కూర్చుంది. ఆయన నాటకాన్ని కుర్చీలో కూర్చుని చూడటం ఆవిడకి ఇదే మొదటిసారి. ఇన్నేళ్ళూ ఆవిడకి కనిపించింది ఆయన వీపూ, ఎడమ చెవీ మాత్రమే. ఇప్పుడు మొహం కనిపిస్తోంది. రాజు మంత్రిని క్షమించే ఘట్టం. పుస్తకంలో అది రెండే మాటలు, "పోనీలే, వెళ్ళు." ఆవిడ ఆ మాటల్ని రిహార్సల్సులో ఎన్నిసార్లు అందించిందో లెక్కలేదు. కానీ ఆ మాట అంటున్నప్పుడు ఆయన గడ్డం అలా వణుకుతుందని తెలియదు. కళ్ళజోడు వెనక కళ్ళు నిజంగా తడిగా ఉన్నాయి. పక్క కుర్చీలో ముక్కూమొహం తెలియని మనిషి రుమాలు తీసుకున్నాడు.

ఇన్నాళ్ళూ అదంతా తనదే అనుకుంది ఆవిడ. పైకి ఎప్పుడూ అనలేదు గానీ, లోపల మాత్రం అనుకుంది. మాటలన్నీ నావి, పేరు ఆయనది అనుకుంది. మాటలే తను అందించింది, మిగతాది ఆయన ఎక్కడి నుంచి తెచ్చుకున్నారో తనకి తెలియనే తెలియదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చీకూ చింతా లేని మనిషిలా, హాయిగా ఏడ్చేసింది. పిడుగు కంగారుపడి "తాతయ్య బాగా చేయట్లేదా?" అని అడిగింది.

"చాలా బాగా చేస్తున్నారే. నేనే ఇప్పుడు చూస్తున్నాను."

నాటకం అయ్యాక జనం పలచబడేసరికి పావుగంట పట్టింది. పనివాళ్ళు వెనక వరుసల నుంచి కుర్చీలు మడతపెట్టడం మొదలుపెట్టారు. హీరోగారు కిరీటం చంకలో పెట్టుకుని, జోడు ముక్కుమీదే ఉంచుకుని వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నారు. చాలా అలిసిపోయినట్టున్నారు.

"ఆ రోజు నేను అన్న మాట..." అంది ఆవిడ.

"నిజమే అన్నావుగా. పటం అబ్బాయి గదిలో అటక మీద పెట్టాను. నీకు కావాలంటే తీసుకో, సగం నీదే." ఆయన నవ్వి, వెంటనే ఆపేశారు. "పదిమంది పిల్లకాయలు అన్నాను. తప్పే. ఎంతమంది వచ్చారు?"

"నలభై మూడు మందట. కోడలు లెక్కపెట్టింది."

"ఏం కథ చెప్పావు?"

"మబ్బు కథ."

"ఎక్కడిది? ఎవరు రాసింది?"

"ఎవరూ రాయలేదు. నేనే అల్లాను."

హీరోగారు జోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని ఆవిడని చూశారు. "ఊళ్ళో వాళ్ళ పిల్లలంతా విన్నారు. నేనే వినలేదు. చెప్పు."

"ఇప్పుడా? కుర్చీలు తీసేస్తున్నారు."

"మన దగ్గరికి వచ్చేసరికి లేద్దాంలే. చెప్పు."

ఆవిడ చుట్టూ చూసి, కొంచెం సిగ్గుపడి, ఆయన ఎడమ చెవి వైపు వంగి గుసగుసగా మొదలుపెట్టబోయింది. ఆయన ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపేశారు.

"అలా వద్దు. గట్టిగా చెప్పు. ఇవాళ నేను తిరిగి అనక్కర్లేదుగా."

ఆవిడ నవ్వింది. నిటారుగా కూర్చుని, కుర్చీలు మడతపెడుతున్నవాళ్ళకి కూడా వినపడేలా, కథ మొదటి నుంచి ఎత్తుకుంది.